గొంతు మీద రెండు వేళ్ళు

నేను బెంజ్ సర్కిల్ దగ్గర సీడీల షాపు నడిపే రోజుల్లో, చర్చిలో పాటలు నేర్పే టీచరుగారు తన పిల్లలు పాడిన పాట క్యాసెట్టు ఒకటి, సీడీ చెయ్యమని తెచ్చారు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి వినిపించాను. ఆవిడ రెండు వేళ్ళు గొంతు మీద ఆనించుకుని సన్నగా రాగం తీశారు. ఏ పాట విన్నా శ్రుతి అలాగే చూసుకునేవారు.

“శ్రుతి ఓ మెట్టు పైకి పోయిందండీ.”

“కంప్యూటరు తప్పు పాడదు టీచరుగారూ,” అన్నాను ధీమాగా.

“రెండో చరణం పాడిన పిల్ల పోయిన నెల జ్వరంతో పోయింది బాబూ. వాళ్ళమ్మ కోసం ఈ సీడీ. వేరే పిల్ల గొంతులా ఉండకూడదు. మీరు చూడండి, నేను కూర్చుంటాను.”

టేపురికార్డరులో పెడితే పాట సరిగ్గానే ఉంది. వైర్లు మార్చాను, స్పీకర్లు మార్చాను. చివరికి దొరికింది. కంప్యూటర్లోకి సెకనుకు నలభై నాలుగు వేల ముక్కల చొప్పున రికార్డయిన శబ్దాన్ని సౌండ్ కార్డు నలభై ఎనిమిది వేల చొప్పున వదులుతోంది. అందుకే పాట పరుగెత్తి శ్రుతి పెరిగింది. రెండు అంకెలూ ఒకటి చేశాను.

ఆవిడ మళ్ళీ రాగం తీశారు. ఈసారి పాటలో కలిసిపోయింది.

మర్నాడు ఆ తల్లిని వెంటబెట్టుకొచ్చారు. రెండో చరణం మొదలవగానే ఆమె స్పీకరు మీద చెయ్యి వేసి, “మా పాపే,” అంది.