సందు లేని రాళ్ళ వాకిలి

రాళ్ళు పరిచిన వాకిలి చూసి జనం ముచ్చటపడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా మనవరాలు కొత్తింటి ముందు రాళ్ళు పరిపించి, "చూడు మామ్మా, చీమ దూరే సందు లేదు" అంది మురిసిపోతూ. నేను గడప కూడా ఎక్కకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను. పిల్ల నొచ్చుకుంది. నొచ్చుకోనీ. ఎందుకొచ్చేశానో ఇప్పుడు చెబుతాను.

అప్పట్లో మేం పటమటలో ఉండేవాళ్ళం. అదప్పుడు విడి ఊరు. బెజవాడ పోవాలంటే బందరు రోడ్డు మీద బండి కట్టాల్సిందే. మాది మగ్గం ఇల్లు. నాన్న, అమ్మ, అన్నయ్య, నేను. యుద్ధం రోజులు, నూలు కంట్రోలులో ఉండేది. ఇచ్చిన నూలు పాడుచేసుకుంటే మళ్ళీ ఎప్పుడిస్తారో ఆ దేవుడికే తెలియాలి. నేసే ముందు నూలు పోగుల్ని వాకిలి పొడుగునా లాగి కట్టి, కుంచెతో గంజి రాసి ఆరబెట్టాలి. దాన్నే పడుగుకు గంజి పెట్టడం అంటాం. కింద బురద ఉంటే ఆ పడుగు పనికిరాకుండా పోతుంది. అందుకే నాన్నకు ప్రాణమంతా వాకిలి మీదే.

ఆ వాకిట్లో పరిచినవి పల్నాడు నుంచి పడవల మీద వచ్చిన నాపరాళ్ళు. అన్నయ్య పుట్టిన యేడు నాన్న తన చేతుల్తో పరిచాడు. రాళ్ళు మంచివే గానీ కింద నేల మంచిది కాదు, నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది. యేటా కార్తీకంలో ముసురు పట్టేసరికి రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు దిగి, ఒక రాయి లేచేది, ఇంకో రాయి కుంగేది. చలికాలమంతా నాన్న గునపం పుచ్చుకుని వాటితో కుస్తీ పట్టేవాడు.

దానికి తోడు గంజి. పడుగు మీద నుంచి కారిన గంజి సందుల్లోకి పోయేది. ఆ గంజికి పందికొక్కులు మరిగాయి. రాళ్ళ కింద బొరియలు తవ్వుకుని మాతోపాటే కాపురం పెట్టాయి. పందికొక్కులున్న చోటికి ఇంకేం వస్తుందో మీకు చెప్పాలా?

ఆ యేడు దసరా వెళ్ళాక, ఇంటి గోడను ఆనుకున్న మూలరాయి పక్కన కుబుసం కనిపించింది. మూరెడు కాదు, బారెడు. నాన్న దాన్ని కర్రతో ఎత్తి పెంటమీద పడేశాడు. అమ్మ మాత్రం లెంపలేసుకుంది. నాగులచవితి నాడు ఊరంతా పుట్టకు పోతే, అమ్మ ఆ మూల సందులోనే పాలు పోసింది. "ఇంటికొచ్చిన స్వామిని వదిలేసి ఎక్కడో పుట్టకు పోవాలా? తొక్కినా తప్పుకుపో తండ్రీ, నా బిడ్డలు జాగ్రత్త" అని నేలకు తల ఆనించి మొక్కింది.

"నీ పాలు నీ స్వామి తాగడం లేదే, పందికొక్కులు తాగి బలుస్తున్నాయి" అని నాన్న వెక్కిరించాడు.

అమ్మ నవ్వలేదు. ఆ మూలకు గోడ అవతలే మగ్గం ఉంది. మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేయాలి. అంతకుముందంతా నాన్నే కూర్చునేవాడు. చెమ్మకు మోకాళ్ళు పట్టేసి, ఆ యేడే గుంటను అన్నయ్యకు అప్పజెప్పాడు. పద్ధెనిమిదేళ్ళవాడు, నవ్వుతూ నేసేవాడు, నవ్వుతూ తిట్లు తినేవాడు. తెల్లారి లేస్తే వాడి కాళ్ళు ఆ చీకటి గుంటలోనే ఉండేవి. అమ్మ భయమంతా ఆ కాళ్ళ గురించే.

చవితి వెళ్ళాక గాలి మారింది. తూర్పు గాలి తెగకుండా కొట్టడం మొదలుపెట్టింది. కాకులు పగలే గూళ్ళకు చేరుతున్నాయి. బందరు నుంచి వచ్చిన పడవవాళ్ళు సముద్రం రంగు బాగా లేదన్నారు. అది విన్నాక నాన్న ఆగలేదు. గానుగ సున్నం తెచ్చి, ఇసుక కలిపి, బెల్లం నీళ్ళు పోసి రోకళ్ళతో దంపించాడు. ఆ గచ్చుతో ఈసారి ఒక్క సందు కూడా వదలకుండా మూసేస్తానన్నాడు.

"ఆ మూల వదిలెయ్యండి" అంది అమ్మ.

"అక్కడే కదా నీళ్ళు దిగేది!"

"లోపల ప్రాణి ఉంది. దాని దారి మూస్తే అది ఎటు పోతుంది?"

"ఉంటే కదా పోవడానికి" అని, నాన్న ఆ సందు దగ్గర ఎండుమిరపకాయల పొగ పెట్టించాడు. మేమంతా దగ్గి దగ్గి చచ్చాం. రెండు పందికొక్కులు మాత్రం బయటికి ఉరికాయి. పాము రాలేదు. "చూశావా? లేదు. ఉంటే ఈ పొగకు ఉండగలదా?" అన్నాడు నాన్న.

"కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు" అంది అమ్మ.

వింటాడా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మా నాన్నకు. అమ్మ చూస్తూ ఉండగానే మూలసందులో గచ్చు కూరి, తాపీతో నున్నగా రుద్ది, పైన తడి గోనెలు కప్పాడు. అమ్మ ఇంట్లోకి వెళ్ళి అన్నం వండింది.

ఆ మర్నాడే అన్నయ్య గుంటలోంచి కేకేశాడు. "నాన్నా, గుంట గోడ రాలుతోంది. కాళ్ళ మీద మట్టి పడుతోంది."

"చెమ్మకు రాలుతుందిరా. ముసురు వెళ్ళనీ, మెత్తుతాను" అన్నాడు నాన్న వాకిట్లోంచి. ఆయన కళ్ళు గోనెల మీదే ఉన్నాయి. అమ్మ చేతిలో నూలు తోడే ఆసు వదిలి వచ్చి గుంటలోకి తొంగి చూసింది. దీపం దింపి చూసింది. గోడకు వాకిలి వైపు మట్టి పెళ్ళలు ఊడి, పిడికిలంత గుంత పడింది. దాంట్లో ఓ పాతగుడ్డ కుక్కి, "ఇవాళ్టికి లేరా, దిగొద్దు" అంది. అన్నయ్య ఆ పూటకు లేచాడు.

తుఫాను వచ్చింది. నేను అంతకుముందు వానలు చూశాను గానీ అలాంటి గాలి చూడలేదు. కప్పు మీద తాటాకులు ఒకటొకటే లేచిపోతుంటే నేను అమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నాను. బందరు కాలవ కట్టను ఒరుసుకుని పారుతోందని ఎవరో అరుచుకుంటూ పోయారు. అంత వానలోనూ నాన్న తలుపు ఓరగా తీసి వాకిలి చూస్తూ నిలబడ్డాడు. రాళ్ళ మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే వీధిలోకి జారిపోతున్నాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

వాన తగ్గిన పొద్దున నాన్న గోనెలు తీశాడు. ఒక్క రాయి లేవలేదు, ఒక్క రాయి కుంగలేదు. వీధంతా మోకాలి లోతు బురద, మా వాకిలి మాత్రం కడిగిన కంచం. ఎదురింటి సాయిబుగారిని పిలిచాడు. ఆయనకు జట్కా ఉండేది, మంచి మనిషి.

"చూడండి సాయిబుగారూ, ఒక్క బొట్టు లోపలికి దిగలేదండీ!"

"భలే చేశారండీ. మా గుమ్మం ముందు కూడా ఇలాగే పెట్టించాలి" అన్నాడాయన, వంగి రాళ్ళు తడిమి చూస్తూ.

లోపల మగ్గం ఆడుతోంది. అమ్మ కాలవ నీళ్ళకు వెళ్ళింది. ముసురుకు పని ఆగిపోయిందన్న తొందరలో అన్నయ్య మళ్ళీ గుంటలోకి దిగాడు. నేను గడపలో కూర్చుని నూలు కండెలకు చుడుతున్నాను. మగ్గం చప్పుడు ఆగింది.

"నాన్నా, కాలికి ఏదో కరిచింది" అన్నాడు అన్నయ్య. అరవలేదు. తప్పు చేసినవాడిలా మెల్లగా అన్నాడు.

నాన్న పరుగెత్తుకొచ్చి చంకల్లో చేతులు వేసి వాణ్ణి పైకి లాగాడు. గుంట అడుగున నల్లగా, నిగనిగలాడుతూ కదిలింది. అమ్మ కుక్కిన గుడ్డ దాని పక్కనే పడి ఉంది. చీలమండ మీద రెండు చుక్కలు. సాయిబుగారు తన తలగుడ్డ చింపి మోకాలి కింద బిగించి కట్టాడు. అప్పుడే వచ్చిన అమ్మ బిందె గుమ్మంలోనే వదిలేసి, వేపాకు దూసుకొచ్చి వాడి నోట్లో పెట్టింది. విషం ఎక్కితే వేపాకు చేదు తెలియదంటారు మా వైపు.

"చేదుగా ఉందా నాయనా? చెప్పు, చేదుగా ఉందా?"

అన్నయ్య నమిలి అమ్మ మొహం వంక చూశాడు. ఆవిడకు ఏం చెబితే బాగుంటుందో వాడికి తెలుసు. అయినా అబద్ధం ఆడలేకపోయాడు.

"చప్పగా ఉందమ్మా."

మంత్రం వేసేవాడు కాలవ అవతల ఉన్నాడు. బల్లకట్టు కొట్టుకుపోయింది. ఇక బెజవాడ ఆసుపత్రే గతి. సాయిబుగారు జట్కా కట్టాడు. పాము ఉన్న ఇంట్లో నన్ను ఒక్కదాన్నీ వదల్లేక అమ్మ నన్నూ ఎక్కించుకుంది. అన్నయ్య తల అమ్మ ఒడిలో, కాళ్ళు నా ఒడిలో. వాడి పాదం వేడిగా ఉంది.

బందరు రోడ్డు మీద నీళ్ళు. రోడ్డేదో పొలమేదో తెలియడం లేదు. నాన్న దిగి, గుర్రం కళ్ళెం పట్టుకుని, కాళ్ళతో రోడ్డు వెతుక్కుంటూ ముందు నడిచాడు. వెనక్కి తిరిగితే గుంటలో పడతాం, అందుకని తిరగలేదు.

"నిద్రపోనివ్వకండి. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, ఊ కొట్టించండి" అన్నాడు సాయిబుగారు.

మా నాన్నకు కథలు రావు. వచ్చిందల్లా మగ్గం, వాకిలి. ఆ నీళ్ళలో నడుస్తూ ఆ వాకిలి గురించే మొదలుపెట్టాడు. "నువ్వు పుట్టిన యేడే పరిచానురా ఆ రాళ్ళు. పడవ దిగాక ఒక్కో రాయీ నేనే మోశాను. వింటున్నావా?"

"ఊఁ" అన్నాడు అన్నయ్య.

"నువ్వు పాకింది వాటి మీదే. మోకాళ్ళు దోక్కుపోతాయని మీ అమ్మ నన్ను తిట్టేది."

"ఊఁ."

అన్నయ్య రెప్పలు వాలిపోతున్నాయి. వాడు ఎత్తుదామనుకున్నా అవి లేవడం లేదు. అమ్మ వేలితో ఎత్తి పట్టుకుంది. ఊ అనడానికి వాడు పడే తంటా నాకు వాడి కాళ్ళలో తెలుస్తోంది. నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు. ముసురు పోయాక రాళ్ళన్నీ పీకేస్తానన్నాడు. మళ్ళీ మట్టివాకిలి చేస్తానన్నాడు. గుంట పూడ్చేసి పైన కూర్చుని నేసే మగ్గం పెట్టిస్తానన్నాడు.

"ఊ అనరా."

అన్నయ్య అనలేదు. నా ఒడిలో ఉన్న కాళ్ళు బరువెక్కాయి. అమ్మ వాడి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. నేను నోరు తెరిస్తే అరచేత్తో మూసేసింది. సాయిబుగారు వెనక్కి తిరిగి చూసి, చేతిలో కొరడా కింద పెట్టేశాడు.

"ఊ అనరా నాయనా" అన్నాడు నాన్న, ముందుకే చూస్తూ.

"ఊఁ" అంది అమ్మ.

ఆసుపత్రి గుమ్మం దాకా ఆవిడే ఊ కొట్టింది.