రెండు వైపులా మీట ఉన్న పిస్తోలు

మొన్న వుడ్‌ల్యాండ్స్ లైబ్రరీలో పాత పిస్తోళ్ళ మీద ఒక బొమ్మల పుస్తకం కోసం వెతికితే, అది ఇప్పుడు అరల్లో లేదని, కావాలంటే ఫోనులో చదువుకోమని అక్కడి మిషను చెప్పింది. ఒళ్ళో బరువుగా కూర్చునే పుస్తకాన్ని ఫోనులో చదవడం ఎంత చప్పగా ఉంటుందో నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంటర్మీడియెట్‌తో చదువాగి, పెళ్ళయి దేశం దాటి ఈ ఊరు వచ్చిన నాకు లైబ్రరీయే కాలేజీ. మావారు చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు పనికి, అమ్మాయి బడికి వెళ్ళాక, కుండీ మొక్కల దగ్గర మొదలుపెట్టి గడియారాలు, వంతెనల దాకా అర తరువాత అర చదువుకుంటూ పోయాను. ఆ గర్వం నాకింకా కొంచెం ఉంది, ఏం చెయ్యను!

నలభై దాటాక మావారికి ఆఫీసు స్నేహితుల వల్ల పిస్తోలు క్లబ్బు సరదా పట్టుకుంది. ఏడాది పాటు క్లబ్బు పిస్తోళ్ళతో కాల్చినా గుళ్ళు కాగితం అంచుల్లోనే తిరిగేవి గాని నడిమి వలయం దగ్గరికి వచ్చేవి కావు. సొంత పిస్తోలు ఉంటే చెయ్యి కుదురుతుందని, వందేళ్ళ కిందట సైనికుల నడుముకు వేలాడిన రకం, ఇప్పటికీ చాలా కంపెనీలు అదే వాటంలో చేస్తున్నది ఒకటి కొందామనుకున్నారు. దానితోనూ కుదరకపోతే క్లబ్బే మానేస్తానన్నారు. ఆయన ఈల వేసేది వారం మొత్తంలో ఆదివారం పొద్దున క్లబ్బుకు తయారయ్యేటప్పుడే కాబట్టి, ఆ మాట నాకేం బాగోలేదు.

ఇక నేను పుస్తకాల మీద పడ్డాను. పోత పోసిన ఉక్కుకీ, సాగగొట్టిన ఉక్కుకీ తేడా ఏమిటో, పైన జారే భాగం వదులుగా ఉందో లేదో చెవి దగ్గర ఆడించి ఎలా తెలుసుకోవాలో, ట్రిగ్గరు నొక్కినప్పుడు గరగర లేకుండా ఉండాలంటే లోపల ఏం నునుపు చెయ్యాలో అన్నీ చదివి, వంట చేస్తూ ఆయనకు అప్పజెప్పేదాన్ని. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్ద పేరున్న అమెరికా కంపెనీది, రెండోది పక్కనే ఉన్న ఫిలిప్పీన్స్‌లో చేసేది. మావారి మనసంతా మొదటిదాని మీదే.

క్లబ్బులో ఆ రెండూ ఉన్న సభ్యులు ఉండడంతో, ఒక ఆదివారం ఆయుధాల గది చూసుకునే చైనీయుల పెద్దాయన వాటిని ఖాళీ చేసి, తువ్వాలు మీద పక్కపక్కన పెట్టాడు. అమెరికాది అద్దంలా ఉంది, దాని ముందు రెండోది కాస్త మొరటుగానే ఉంది. మావారి ఎడమచెయ్యి అమెరికాదాని మీదకు పోయింది, అంతలోనే వెనక్కి వచ్చింది. "టేక్ లా, ఇట్ వోంట్ బైట్!" అని పెద్దాయన ఇక్కడి ఇంగ్లీషు యాసలో అని నవ్వాడు. మావారూ నవ్వి, కుడిచేత్తో అందుకున్నారు.

ఆయనది పుర్రచేతివాటం. పలక పట్టిన రోజుల్లో ఆ చేతి మీద ఎన్ని బెత్తం దెబ్బలు పడ్డాయో మా అత్తగారు ఒకసారి ఏదో ఘనకార్యంలా చెప్పారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలోనూ మంచినీళ్ళ గ్లాసు దగ్గర ఆ చెయ్యి అలా ముందుకు పోయి వెనక్కి రావడం చూస్తూనే ఉన్నాను. అమెరికాదాన్ని తిప్పి చూశాను. కాల్చే ముందు బొటనవేలితో దించాల్సిన అడ్డుమీట ఒక వైపే ఉంది, కుడిచేతి వాళ్ళకు అందే వైపు. ఫిలిప్పీన్స్‌దానికి రెండు వైపులా ఉంది.

"ఇది తీసుకోండి," అన్నాను.

"ఊరుకో, దాని ఫినిషింగ్ చూశావా? అయినా నాకు కుడిచెయ్యి అలవాటేగా."

"విస్తరి ముందు నలుగురూ చూస్తారని సరే. ఇక్కడ ఎవరు చూడొచ్చారండీ?"

ఇంటికొచ్చాక అమ్మాయి సంగతి విని, "నాన్నా, లెఫ్టీ అయితే లెఫ్టీయే లా, వై సో షై?" అని ఆటపట్టించింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, "సరే, నీ మొరటుదే తెప్పిస్తాను" అన్నారు.

ఆ పిస్తోలు ఒక్కసారీ మా గడప తొక్కలేదు, ఇక్కడి చట్టం ప్రకారం క్లబ్బు ఇనప గదిలోనే ఉండాలి. దసరాకు దానికి బొట్టు పెడదామంటే పెద్దాయన కంగారుపడి, పెట్టె మీద పెట్టుకోనిచ్చాడు. మొదటిసారి ఎడమచేత్తో కాల్చిన రోజు నేను అద్దం వెనక నిలబడి ఉన్నాను. వెనక్కి వచ్చిన కాగితంలో చిల్లులన్నీ నడిమికి చేరి గుమిగూడాయి. అది పట్టుకుని బయటికొచ్చి నా చేతిలో పెట్టారు. ఆ తరువాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఆదివారాల ఈల ఆగలేదు.

కళ్ళు మసకబారాక పిస్తోలు అమ్మేశారు. ఇప్పుడు చాలా కంపెనీలు రెండు వైపులా మీటలు పెడుతున్నాయట. ఎడమచేత్తో రాసే మనవరాలిని బళ్ళో ఎవరూ ఏమీ అనరు. అది హోంవర్క్ చేసుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని ఆ చెయ్యినే చూస్తుంటారు. ఈమధ్య ఒకరోజు దాని పెన్సిలు ఎడమచేత్తో తీసుకుని, తెలుగులో తన పేరు రాయబోయారు. అంత దూరాన వలయాన్ని గురి చూసి కొట్టిన చెయ్యి, మొదటి అక్షరం దగ్గరే, నిన్ననే బడిలో వేసిన పిల్లవాడిలా ఆగిపోయింది.