ఫొటోలో మూడో మనిషి

ఎనభైల తొలినాళ్లలో ఫొటోగ్రఫీ కోర్సుకు ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అభ్యర్థులు తీసిన ఫొటోలు చూసే సీటు ఇస్తారు. అంతర్వేది తీరాన ముగ్గురు అన్నదమ్ములు వల లాగుతుండగా తీసిన ఫొటో మీదే నా ఆశంతా. ప్రింట్లు వేయమని అమలాపురంలో స్టూడియో నడిపే సూర్రావు గారికి ఇచ్చాను.

సరిగ్గా బస్సు వేళకు ఆయన కవరు చేతిలో పెట్టారు. విప్పి చూస్తే వల తాడు పట్టుకుని ఇద్దరే ఉన్నారు, తాడు రెండో కొస గాల్లో తేలుతోంది!

“ముగ్గురు ఒక ఫొటోలో ఉంటే మధ్యాయనకి గండమండీ. అందుకే చివరాయన్ని తీసేసేనండి,” అన్నారు తృప్తిగా.

“మరి తాడు ఆ కొస ఎవరు లాగుతున్నట్టండీ?”

“అంత ఎవరు చూస్తారండీ బాబూ!”

మళ్లీ ప్రింటు వేయించే వ్యవధి లేదు. పళ్లు కొరుక్కుంటూ బస్సెక్కాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ప్రొఫెసరు గారు మొదట అడిగిందే ఆ తాడు సంగతి. జరిగింది చెప్పాను. అందరం నవ్వుకుంటామనుకున్నాను.

“మంచి పనే చేశాడు. మా ఇంట్లోనూ ముగ్గురం కలిసి ఫొటో దిగం,” అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. సంచిలోంచి కెమెరా తీశాను. “అయితే మీ ముగ్గురినీ ఒక ఫొటో తీస్తానండీ. మధ్యలో మీరే ఉన్నారు. ఏమవుతుందో చూద్దాం!”

ఆయన చటుక్కున కుర్చీ వెనక్కి లాక్కున్నారు. “ఇక మీరు వెళ్లవచ్చు,” అన్నారు.

సీటు రాలేదు. నోరు అదుపులో పెట్టుకోవాల్సిందని మావాళ్లు ఇప్పటికీ అంటారు. విశ్వవిద్యాలయంలోనే అడగకూడని ప్రశ్నను ఇంకెక్కడ అడగాలో మాత్రం ఎవరూ చెప్పరు.