వైశాలి గ్రిల్లు మీద నల్లేరు పంట

నేను రాసేదాంట్లో తప్పులుంటాయని ముందే చెప్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఇలా నలుగురూ చదివేది రాయడం ఇదే మొదలు. అయినా మొన్న పైఅంతస్తు కోడలు పిల్ల మా బాల్కనీలో తీగని చూసి "ఆంటీ, ఇస్‌కో క్యా ఖిలాతే హో?" అంటూ, దీనికేం తినిపిస్తారని అడిగింది. తన మనీప్లాంటు కూడా బతకలేదట. మేము దీనికి పెట్టేదేమీ లేదు, ఇదే మాకు పెడుతుందని ఆ పిల్లకి హిందీలో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అది నల్లేరు. మన ఊళ్ళల్లో కంచెల మీద పాకుతుంది కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇక్కడ ఢిల్లీ పక్కన వైశాలిలో మూడో అంతస్తు గ్రిల్లుకి అల్లుకుంటే మాత్రం దారినపోయేవాళ్ళు తలెత్తి చూస్తారు. కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. బెత్తెడుకో కణుపు, కణుపు దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కినట్టు సన్నబడుతుంది. ఆకు పేరుకే, వచ్చిందనుకునేలోపు రాలిపోతుంది. కణుపుల్లోంచి సన్నటి నులితీగలు వచ్చి ఊచని పట్టుకుంటాయి. విడదీద్దామంటే చంటిపిల్ల పిడికిలే, ఒక వేలు విప్పితే ఇంకో వేలు బిగిస్తుంది. జూన్ వడగాలికి వాడదు, దీపావళి పొగకి మాడదు. మేము ఊరెళ్ళి నెల తర్వాత వచ్చినా, కాస్త చిక్కి, అలాగే ఉంటుంది.

దాన్ని పెంచింది మా ఆయన అక్క, అంటే మా వదిన. పెళ్ళి చేసుకోలేదు. నర్సు ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి, తర్వాత మమ్మల్నీ రప్పించుకుంది. మా తెలుగు చర్చిలో ఏటా కోత పండగ చేస్తారు. ఊళ్ళో అయితే ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. ఢిల్లీలో మాకు చేలెక్కడివి? శనివారం మండీలో కొన్న గుమ్మడికాయలే పెట్టి, ఆదివారం మళ్ళీ మేమే పాడుకుని ఇంటికి తెచ్చుకుంటాం. అందరికీ అది నవ్వులాటే, మా వదినకి మాత్రం కాదు. "కొన్నది పంటెలా అవుద్ది పిల్లా? రిటైరయ్యేలోపు నా చేత్తో పండించింది ఒక్కసారైనా పెట్టాలి" అనేది. టమాటాలు వేస్తే మే ఎండకి మాడిపోయాయి. కాకరపాదుని కోతులు పీకేశాయి. రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చేసింది.

అప్పుడు ఒంగోలు వైపు నర్సు ఒకామె సెలవునుంచి వస్తూ, బట్టల మధ్య చుట్టి ఒక నల్లేరు ముక్క తెచ్చిచ్చింది. వదిన దాన్ని పాత పెయింటు డబ్బాలో గుచ్చి డ్యూటీకి పోయింది. మావాళ్ళది కాలవ కింద ఊరు, మొక్క కనపడితే నీళ్ళు పెట్టకుండా ఉండలేరు. మా ఆయన పొద్దునా సాయంత్రం నారుమడికి పెట్టినట్టు పెట్టాడు. వారం తిరిగేసరికి అడుగు మెత్తబడి కంపు కొట్టింది.

"ఏరా, డబ్బాలో వరి నాటావా?" అంది వదిన.

"దాహమేసుద్దేమోనని అక్కా..."

"నీకేస్తే నువ్వు తాగు. దాని నీళ్ళు అది ఒంట్లోనే దాచుకుంటది."

కుళ్ళింది కోసేసి, మిగిలిన రెండు కణుపుల్ని నీడలో ఆరబెట్టింది. కోసినచోట పుండుకి కట్టినట్టు పక్కు కట్టాక, డబ్బా అడుగున చిల్లులు పొడిచి, మట్టిలో ఇసుక, ఇటుక ముక్కలు కలిపి నాటింది. వేలు దూర్చి చూసి లోపలిదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. చలికాలమంతా అది ఉలకలేదు, పలకలేదు. చచ్చిందేమో అంటే "నిద్రపోయే పేషెంటుని లేపకూడదు" అని నన్నే కసిరింది. ఎండ ముదిరాక పాకడం మొదలుపెట్టి, వానలకి గ్రిల్లంతా నిండింది. ఒక కోతి వచ్చి ముక్క కొరికి, మూతి రుద్దుకుంటూ పోయింది. మళ్ళీ ఆ జాతి మావైపు చూడలేదు.

పండగ ముందురోజు దురద పెట్టకుండా చేతులకి నూనె రాసుకుని, వదిన లేత కొసలు కోసి కట్ట కట్టింది. చర్చిలో గుమ్మడికాయల మధ్య పెడితే, ఇక్కడ పుట్టిన పిల్లలు పామనుకుని "మమ్మీ, యే సాంప్ హై క్యా?" అని కిసకిసలాడారు. వేలం వేసే పెద్దాయన దాన్ని అటూఇటూ తిప్పి "ఇదేంటి సిస్టరమ్మా, ఎక్స్‌రేలో ఎముకలాగుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ పాడకపోతే ఆవిడ ఈ కట్ట పట్టుకుని ఇంటికెలా వస్తుంది?

వదిన లేచి నిలబడింది. "నల్లేరండి. నేను పండించాను" అంది. అంతే.

వెనక బెంచీలోంచి తెనాలి ఆంటీ "నల్లేరా! అది నాదే, నా పాట రాసుకోండి" అంది.

"నీకు వండటం వచ్చా ఏంటి? దురదెక్కి నాలిక బయటేసుకు తిరుగుతావు, నాకొదిలెయ్" అంది పక్కనే ఉన్న బాపట్ల ఆంటీ.

"మా అమ్మ నల్లేరు పచ్చడి చేస్తే మీ ఊరోళ్ళు గిన్నెలు నాకిపోయేవారు. కూర్చో!"

ఇద్దరూ పాట పెంచుతూనే ఉన్నారు. చివరికి పెద్దాయన "అమ్మా, దేవుడి మందిరం ఇది" అని బతిమాలి, కట్టని రెండు చేసి చెరొకటి ఇచ్చాడు.

వదిన ఆ గొడవేదీ వినలేదు. ఖాళీ అయిన బల్లకేసే చూస్తూ కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నా చెయ్యి పట్టుకుని "పెట్టాను పిల్లా" అంది. చేలున్నవాళ్ళకి ఏటా కోతే. మా వదినకి ఉద్యోగమంతా అయిపోవచ్చాక ఒక్క కోత వచ్చింది, కానీ ఆలస్యమైందని ఆవిడ నోటివెంట నేను ఇప్పటిదాకా వినలేదు. నా రాతలో తప్పులు దొర్లి ఉంటే, మీ ఇంటి మనిషే రాసిందనుకుని మన్నించండి.