పూర్ణిమకు తగ్గింది, హిమబిందుకు తగ్గలేదు

నరసరావుపేట బజారులో కిరాణా కొట్టు హనుమయ్య నోరు తెరిస్తే త్రాసు ముల్లు కూడా ఆయన మాట వైపే మొగ్గేది. తన కొట్లో కందిపప్పు తిన్న ఎద్దొకటి గుంటూరు దాకా లారీని తరుముకుంటూ పోయిందని చెబితే, ముగ్గురు నమ్మి తలా రెండు కిలోలు కట్టించుకుపోయారు. ఆయన కోతలన్నిట్లోకీ ఒకటి మాత్రం కూతురు హిమబిందు నెత్తిన పడింది.

ఐదేళ్ల కిందట, పాప సాయిసాత్వికకు రెండేళ్లప్పుడు, హిమబిందుకు మనసు చెదిరింది. నిద్ర లేదు. ఎవరో మాట్లాడుతున్నారని వంటగది గోడకు చెవి పెట్టి కూర్చునేది. మాచర్లలో మందుల షాపు నడిపే భర్త అమర్నాథ్ అదంతా ఫోనులో వీడియో తీసి కోర్టులో చూపించాడు. విడాకులొచ్చాయి, పాప అతని దగ్గరే ఉండిపోయింది. తల్లికి దక్కింది నెలకో ఆదివారం, రెండు గంటలు.

హనుమయ్య కూతుర్ని గుంటూరులో ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేర్చాడు. బజారుకు మాత్రం అమ్మాయి హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేస్తోందన్నాడు. అంతటితో ఆగితే హనుమయ్య ఎలా అవుతాడు? కంపెనీ వాళ్లు రోజూ కారు పంపిస్తున్నారని కూడా కలిపాడు. ఊరివాళ్లెవరైనా ఆరా తీస్తారేమోనని ఆసుపత్రి రికార్డులో పేరు పూర్ణిమ అని రాయించాడు. ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయామని అక్కడా ఒక కథ చెప్పాడు.

హిమబిందుకు నయమైంది. నాలుగేళ్లుగా రోజుకో మాత్ర వేసుకుంటూ ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో పని చేసుకుంటోంది. పాపను తనకు అప్పగించమని, కేసు తేలేలోపు ఈ వేసవి సెలవులకైనా పంపమని పిటిషన్ వేసింది.

లాయరు త్రికోటేశ్వరరావు కాగితాలు తిరగేసి కళ్లద్దాలు తీశాడు.

"ఏందమ్మా బిందూ ఇది? జబ్బు చేసిందనడానికి కాయితాలు దండిగా ఉన్నాయి, అన్నీ నీ పేరునే. తగ్గిందనే కాయితం మాత్రం ఎవరో పూర్ణిమది. ఆవిడొచ్చి కేసు వేస్తే గెలిపిద్దును."

హిమబిందు తండ్రి వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"మా బజారు సంగతి మీకు తెలవదు లాయరుగారూ. ఆ ఆసుపత్రని తెలిస్తే మా కొట్లో ఉప్పు కూడా కొనరు."

"ఉప్పు అమ్ముకోడానికి నా పేరు తీసేశావా నాన్నా?"

"అరవమాకమ్మా. ఆయనేమనుకుంటాడు?"

ఆమె అరవనే లేదు. ఎవరికి వచ్చినా అది కోపమే, తనకు వస్తే మాత్రం జబ్బు తిరగబెట్టినట్టు. పాలు పొంగిపోయాయని విసుక్కున్నా ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

ఆ పూర్ణిమే హిమబిందు అని తండ్రి అఫిడవిట్ ఇవ్వాలన్నాడు లాయరు. టైపు చేసేచోట హనుమయ్య బేరం మొదలెట్టాడు.

"జబ్బు అని ఎందుకు, తలతిరుగుడు అని కొట్టించు బాబూ. తిరిగింది గదా!"

"మానసిక వ్యాధి అనే కొట్టండి" అంది హిమబిందు. ఆయన రెండు బస్తాలు మోసినవాడిలా ఆయాసపడుతూ సంతకం పెట్టాడు.

ఏప్రిల్ ఆఖరున విచారణ. బోను ఎక్కగానే హనుమయ్యకు పాత ఊపు వచ్చింది.

"అయ్యా, ఆ రోజు నన్ను చూడగానే ఆసుపత్రిలో డాక్టర్లందరూ లేచి నిలబడి..."

"అడిగింది చెప్పండి" అన్నారు జడ్జిగారు. "కంప్యూటర్ కోర్సన్నది అబద్ధమేనా?"

"అబద్ధమేనండి. పూర్ణిమంటే మా బిందూనే." ఆయన జీవితంలో ఇంత పొట్టి కథ ఎన్నడూ చెప్పలేదు.

అమర్నాథ్ లాయరు లేచాడు. "అన్నేళ్లు అబద్ధం చెప్పినాయన ఇవాళ నిజం చెబుతున్నాడని మాకేంటండీ నమ్మకం?"

జడ్జిగారు ఆలోచించారు. వైద్యం చేసిన డాక్టరు రికార్డుతో సహా వచ్చి ఈమెను గుర్తించాలన్నారు. ఆయనకు సమన్లు. వాయిదా జూన్ పదహారు.

హిమబిందు లేచింది. పైకి రాబోయిన కోపాన్ని అక్కడే ఆపింది, ఎందుకంటే గది అవతల అమర్నాథ్ చెయ్యి ఫోనున్న జేబు మీదికి పోయింది.

"అయ్యా, జూన్ పన్నెండుకు బడులు తెరుస్తారండి. నేను అడిగింది ఈ సెలవులకే."

"కోర్టుకూ సెలవులేనమ్మా. సాక్ష్యం లేకుండా నేను ఉత్తర్వు మార్చలేను."

బయట ఆటోల దగ్గర హనుమయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నిజం చెప్పాగదమ్మా, ఇంకేం చెయ్యమంటావు?"

"సమన్లు నడిచి వెళ్లేసరికి ఆ డాక్టరు ఏ ఊరు పోతాడో. రేపు పొద్దున బస్సుకు గుంటూరు పోదాం. ఆసుపత్రిలో నువ్వే చెప్పాలి, పేరు మార్పించింది నేనేనని."

"రేపు శనివారం. కొట్టు ఎవరు తెరుస్తారే?"

"మూసెయ్!"

ఆటోవాళ్లందరూ తిరిగి చూశారు. హనుమయ్య కంగారుగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"మూసెయ్యమన్నా నాన్నా. ఎందుకని అడిగినోళ్లకి, బిందూకి తగ్గిందని చెప్పడానికి పోతున్నానని చెప్పు" అంది, గొంతు తగ్గించకుండానే.