కుర్చీ దగ్గర వినిపించని మృదంగం

పోయిన వారం మొగల్రాజపురంలో ఒక ఫ్లాటులో కొత్త స్పీకర్లకు వైర్లు కలిపి పాట మొదలుపెట్టగానే, అద్దాల బీరువాలోని స్టీలు గ్లాసులు జిర్రుమన్నాయి. ఇంటాయన "బేస్ అదిరిందండీ!" అని మురిసిపోయాడు.  మూలకు నెట్టిన, కింది స్వరాలు మోగించే బేస్ పెట్టె నుంచి వచ్చే ఆ హోరు వింటే నాకు మాత్రం, ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, పరీక్ష హాల్లో పేపరు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఆ భయం నాకు ప్రభుదాస్ గారి దగ్గర పట్టుకుంది. భయపడుతూనే పని చేయడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ల మధ్య ఆయన స్పీకర్ల షాపు. పెట్టెలు ఆయనే చేసేవారు. నేను టీవీ సర్వీసు సెంటర్లో ఆరేళ్లు పనిచేసి, అది మూతపడ్డాక అక్కడ చేరాను. అప్పటికి ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. స్పీకర్లు అమ్మేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఇంటికి వచ్చి, వాటిని గోడకు ఎంత దూరంలో పెట్టాలో చూసి, అవసరమైతే వినేవాళ్ల కుర్చీ కూడా జరిపించే మనిషి మాత్రం నాకు తెలిసి ఆయనొక్కరే. "ముందు కుర్చీ ఎక్కడేసుకుంటారో అడగమ్మా పద్మా. స్పీకరు సంగతి తర్వాత" అనేవారు. గదికి సరిగ్గా నడిమధ్య కూర్చుంటే కింది స్వరాలు కొన్ని మాయమైపోతాయనీ, పెట్టెను మూలకు పెడితే అవే పొంగి మిగతా పాటను మింగేస్తాయనీ ఆయన నాకు పాఠంలా చెప్పలేదు. పాట పెట్టి, గదిలో అటూ ఇటూ నడిపించి, "ఇక్కడేమైంది? ఇప్పుడు?" అని అడిగేవారు. నేను ఆయన ముఖం చూసి జవాబు చెప్పబోతే కోప్పడేవారు. "నా మొహంలో ఏముంది? విని చెప్పు."

చేరిన రెండో ఏడు ఆయనలో ఏదో తేడా కనిపించింది. మాట్లాడేవాళ్ల వైపు ఎడమ చెవి తిప్పడం, చర్చిలో పాటల బృందం నుంచి తప్పుకోవడం, కుర్చీలోంచి లేచేటప్పుడు కళ్లు తిరిగినట్టు బల్ల పట్టుకుని ఒక్క క్షణం ఆగడం. ఒకరోజు ఆయన విని, బాగుందని పక్కన పెట్టిన పెట్టెను నేను మళ్లీ మోగించాను. అందులో కింది స్వరాలిచ్చే స్పీకరుకు వైరే అంటుకోలేదు. చప్పుడు చేయకుండా అతికించేశాను. అప్పటి నుంచి ఆయన చూసిన ప్రతి పెట్టెనూ ఆయన భోజనానికి వెళ్లినప్పుడు దొంగలా మళ్లీ వినేదాన్ని. చెబితే ఆ మనిషి ఏమైపోతారోనని భయం. చెప్పకపోతే ఎవరింట్లో ఏం తప్పు జరుగుతుందోనని భయం. ఇంట్లో అన్నం కలుపుకుంటూ కూడా అదే ఆలోచన.

అంతలో చల్లపల్లి నుంచి ఫోను వచ్చింది. నారాయణమ్మ గారని, చేపల వ్యాపారం చేసుకునే ఆవిడ. భర్త భజన బృందంలో మృదంగం వాయించేవాడు. ఆయన పోయాక, ఆ భజనల రికార్డింగులు వినడానికే అల్లుడు స్పీకర్లు కొనిపెట్టాడు. అంతకు ముందు వారమే ప్రభుదాస్ గారు ఒక్కరే వెళ్లి పెట్టి వచ్చారు. "తాళాలు వినపడతన్నాయండీ, పాట వినపడతంది. మా ఆయనే వినపడట్లేదు" అంది ఆవిడ. ఫోను నేనే తీశాను. ఆ మాట ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే బస్సులో ఇద్దరం వెళ్లాం. ఆవిడ కుర్చీ హాలు మధ్యలో, ఫ్యాను కింద ఉంది. ప్రభుదాస్ గారు పాట పెట్టి, బేస్ పెట్టె పక్కన గొంతుకూర్చుని దానిమీద అరచెయ్యి ఆనించారు. "బానే కొడతందిగా అమ్మా" అన్నారు. నారాయణమ్మ గారు నా వైపు చూసింది. నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. మృదంగం మీద కుడిచేతి దెబ్బలు టకటకా వినిపిస్తున్నాయి. ఎడమచేతి గుమ్మనే దెబ్బ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఎట్టా ఉంది పద్మా?" అన్నారాయన.

బాగుందనేసి, తర్వాత చాటుగా సరిచేయొచ్చు. నిజంగానే నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది.

"ఇక్కడ లేదు సార్" అన్నాను.

ఆయన పాట ఆపేశారు. నారాయణమ్మ గారు మంచినీళ్లకని లోపలికి వెళ్లాక, నా వైపు చూడకుండా మెల్లగా అన్నారు. "రెండు నెలల నుంచీ కుడి చెవిలో ఒకటే హోరు. ఆ హోరులో కింది స్వరాలు అందట్లేదు. చేత్తో తడిమి నెట్టుకొస్తన్నా. నీకు తెలుసనీ తెలుసు."

"మరి డాక్టరుకి..."

"చూపిస్తే ఏం చెబుతారోనని వెళ్లలా."

ఆవిడ రాగానే, కుర్చీ జరుపుదామా అని అడిగాను. మోకాళ్ల నొప్పులని, గాలి కింద అదే చోటు కావాలని అంది. "అయితే పెట్టే జరగాలి" అని ప్రభుదాస్ గారు బరువైన ఆ బేస్ పెట్టెను ఎత్తి కుర్చీలోనే పెట్టారు. మనం కూర్చునే చోట పెట్టెను మోగించి, గోడల వెంట నేలమీద వింటూ పోవాలి. గుమ్మనే దెబ్బ ఎక్కడ నిండుగా, విడివిడిగా వినిపిస్తే అక్కడ పెట్టెకు చోటు. నేను చున్నీ నడుముకు బిగించి, పరాయి ఇంట్లో మోకాళ్లమీద పాకాను. ఈసారి తప్పయితే తప్పు నాదే. మూలలో ఒకటే రొద. గుమ్మం దగ్గర అసలు లేదు. కుట్టు మిషను పక్కన ఆగాను. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. "ఇక్కడ సార్." ఆయన ఎందుకని అడగలేదు. మిషను జరిపి పెట్టె అక్కడ పెట్టారు.

నారాయణమ్మ గారు కుర్చీలో కూర్చుంది. పాట మొదలైన కాసేపటికి ఆవిడ ఎడమచెయ్యి చీర కుచ్చిళ్ల మీద తనంతట తనే లయ వేయడం మొదలుపెట్టింది. "ఇదేనమ్మా. ఇదే ఆయన చెయ్యి" అంది. 

అప్పుడు ప్రభుదాస్ గారు, "పోయినసారి తప్పు చోట పెట్టింది నేనండీ. నా చెవి పనిచెయ్యట్లేదు. ఈ అమ్మాయి విని సరిచేసింది" అన్నారు. అంతా బాగైపోయాక ఆ మాట చెప్పాల్సిన అవసరమే లేదు. అయినా చెప్పారు. 

ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లు తిరగడం తగ్గింది గానీ పోయిన వినికిడి తిరిగి రాలేదు. ఆయన షాపు మానలేదు. పెట్టెలు చేయడం ఆయన పని, వినడం నా పని. ప్రతి ఇంటి గుమ్మంలోనూ "వినేది ఈవిడేనండీ" అని ముందే చెప్పేవారు. అలా ఆరేళ్లు కలిసి పనిచేశాం. ఆయన పోయి మూడేళ్లయింది.

ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. నా దగ్గర సుజాత అనే ఆమె పనిచేస్తోంది. చేరిన రోజే ఆమెకు చెప్పాను, నాకు వినపడనిది నీకు వినిపిస్తే కస్టమరు ఎదుటే చెప్పమని. ప్రతి ఇంట్లోనూ నేను బాగుందనుకున్నాక ఆమెను కుర్చీలో కూర్చోబెడతాను. ఆమె కళ్లు మూసుకుని వింటున్న ఆ కొద్ది క్షణాలూ నాకు మళ్లీ పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉంటుంది. అయినా అడుగుతాను. "ఎట్టా ఉంది సుజాతా?"