జులేఖా ఆపా వేసిన తారీఖులు

హత్నూర దగ్గర మా ఊళ్లో మనుషులకు జబ్బు చేస్తే డాక్టరు కోసం బస్సెక్కాలి. తేనెటీగలకు జబ్బు చేస్తే మాత్రం డాక్టరమ్మ పిలవకముందే వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ఆమె మా పక్కింటి జులేఖా ఆపా.

ఇస్నాపూర్ వైపు ఒక మందుబిళ్లల కంపెనీలో పద్నాలుగేళ్లు ప్యాకింగ్ పని చేసి మానేసింది. మానేశాక పెరట్లో ఆరు తేనెపెట్టెలు పెట్టింది. ఆమెను చూసి నేను, నన్ను చూసి దేవమ్మ, ఆమెతో పోటీకి ఇంకొకరు, అలా ఆపాతో కలిపి ఏడిళ్లకు పాకింది ఈ పిచ్చి. మా అందరికీ గురువు ఆపాయే. నోరున్న గురువు. నేను పెట్టె మూత పెట్టే తీరు చూసి, "అన్నం గిన్నె మీద మూతనా తమ్మీ అది? జెర మెల్లగ పెట్టు, లోపల సంసారాలున్నయ్" అని నలుగురిలో నా పరువు తీసింది.

ఈ చలికాలం కుసుమ పూలు విచ్చే వేళకు మా ఈగలకు జబ్బు తగిలింది, ముందుగా నా పెట్టెల్లోనే. పాలలా తెల్లగా ఉండాల్సిన పిల్ల పురుగులు పసుపు తిరిగి, మెలికలు పడి, గదుల్లోనే చచ్చిపోయాయి. మూత తీస్తే పులిసిన వాసన. ఆపా నడుం బిగించింది. పెట్టెలో తేనెపట్టు ఉండే ఫ్రేములు లేపే ఇనుప పట్టీ బొడ్లో దోపుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి పెట్టె తెరిచింది, గీకింది, వాసన చూసింది, చూసిన గుర్తుగా మూత మీద సుద్దతో తారీఖు వేసింది. ఆమె బాగున్నాయన్న పెట్టెలే రెండు వారాలు తిరక్కుండా చెడిపోయేవి. దాంతో మాకు భయం ఎక్కువై ఆమెను మళ్లీ పిలిచేవాళ్లం. మా తెలివి అలాంటిది.

దేవమ్మ ఒక్కతే గేటు తీయలేదు. "నావి నేనే సూసుకుంటలే, నీకెందుకు కష్టం" అంది. ఇంత పిసినారిదాన్ని ఎక్కడా చూడలేదని ఆపా వారం రోజులు తిట్టింది.

తిరిగి తిరిగి ఆపా దొంగను కూడా పట్టింది. మా ఏడిళ్లలోనే ఒకడైన శివకుమార్ అనే రైతు ఈ మధ్యే జహీరాబాద్ వైపు నుంచి రెండు పెట్టెలు ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాడు. "బయటికెళ్లి పెట్టెలు తెచ్చిండు, బీమారీ తెచ్చిండు" అని ఆపా తీర్పు చెప్పింది. నెల తిరిగేలోగా వాటిని ఊరు దాటించమని అందరూ అతని మీద పడ్డారు. నేనూ పడ్డాను, దాచడమెందుకు.

రుజువు కావాలని ఆపాయే నిషితకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి తేనెటీగల జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. వచ్చి ఏడిళ్ల పెట్టెల్లోంచీ పురుగులను చిన్న గొట్టాల్లో పట్టుకెళ్లింది. దేవమ్మ కూడా గేటు తీసింది, సబ్బుతో చేతులు కడిగించాకే.

శివకుమార్ గడువు తీరే రోజున నిషిత తిరిగి వచ్చింది. ఆపా అరుగు మీద మేం ముగ్గురమే ఉన్నాం.

"ఇది బ్యాక్టీరియాతోని వచ్చింది ఆంటీ. దాని జన్యువులు చదివినం. ఆరిళ్లల్ల ఒక్కటే వంశం. దేవమ్మ పెట్టెలల్ల మాత్రం లేనే లేదు."

"నేను చెప్పలే? ఒక్కటే వంశం! శివకుమార్ తెచ్చిన వంశం!" ఆపా చప్పట్లు కొట్టింది.

నిషిత గొంతు తగ్గించింది. "జన్యువులు ఇంటిపేరు చెప్తయ్ ఆంటీ, ఎవరింట్లకెళ్లి ఎవరింటికి పోయిందో చెప్పలే. అది మీ సుద్ద చెప్పింది. మీరు తారీఖు వేసిన రెండు వారాలకు ఆ ఇంట్ల పురుగులు చచ్చినయ్. శివకుమార్ ఇంటికి ఆఖరుకు పోయిన్రు, ఆయనవే ఆఖరుకు చెడినయ్. అందరికన్న ముందు మీ పెట్టెలల్ల ఏమన్న కనబడ్డదా?"

ఆపా తన పెరటి వైపు చూస్తూ అంది: "ఒక పెట్టెల నాలుగు పురుగులు పచ్చబడె. చలికనుకున్న. ఆ దినమే ఈ తమ్ముని పెట్టెలు గూడ తెరిచిన."

"ఆ ఇనుప పట్టీ కడుగుతరా?"

మందుబిళ్లల గదిలోకి పోవడానికి పద్నాలుగేళ్లు రోజూ సబ్బుతో చేతులు తోమిన మనిషి, ఆ పట్టీని కొంగుకు తుడిచి బొడ్లో దోపుకునేది. నాకు నవ్వొచ్చింది. ఆపా మొహం చూసి నవ్వు చచ్చిపోయింది.

"చెడ్డ ఫ్రేములు కాలబెట్టి ఈగలను కొత్త పెట్టెలల్లకు దులపాలె. చానా మటుకు బతుకుతయ్" అంది నిషిత. "నా రిపోర్టు కాగితంల ఎవరి పేరూ రాయలే ఆంటీ."

"ఇంకేం, నోరు మూసుకుంటే సరి" అన్నాను. ఆపా పరువు పోవడం నాకు ఇష్టం లేదు. ఇది బయటపడితే ఆమెకు ఏ గేటూ తెరుచుకోదు.

"శివకుమార్ పెట్టెలు ఇయ్యాల్నే ఎత్తుతుండు గదా" అని ఆపా లేచింది.

మేం అతని ఇంటికి పోయేసరికి రెండు పెట్టెలూ ట్రాలీలో ఎక్కాయి. శివకుమార్ తాడు బిగిస్తున్నాడు. పెట్టెలు పోతుంటే చూద్దామని సగం ఊరు అక్కడే ఉంది.

"దించు శివా," ఆపా గట్టిగా అంది. "బీమారీ నీది కాదు, నాది. నా చేతులతోని ఇల్లిల్లకు పంచిన. ఉత్తగనే నిన్ను బద్నాం చేసిన. తప్పయింది తమ్మీ."

శివకుమార్ తాడు వదల్లేదు.

"ఈ నెల దినాలు నా పెండ్లాం బోరింగు కాడ ఒక్కతే నిలబడ్డది ఆపా. ఒక్కలు పలకరియ్యలే."

ఆపా కళ్లు తుడుచుకుంటూ, "ఆమెకు గూడ చెప్పుకుంట. అందరి ముంగట్నే" అంది.

శివకుమార్ తాడు విప్పాడు. పెట్టె బరువుగా ఉంది. ఆపా అలవాటుగా ముందుకు వెళ్లి, అంతలోనే చేతులు వెనక్కి తీసుకుంది.

"పట్టు ఆపా," అన్నాడు శివకుమార్. "నా ఒక్కనితోని అయితదా?"